పుర్రచేతి కత్తి

మార్కాపురం స్టేషన్ రోడ్డులో
సెలూను తీసేసి మనవడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టినాక
వెలిగొండయ్య పొది
బియ్యం డబ్బా వెనక మూడేళ్లు పడుకుంది.

"రెండొందలియ్యి," అంది సుబ్బరత్తమ్మ.
మళ్లీ తనే, "నూటయాభై. తుప్పు కదా."
రెండొందలే ఇచ్చాను.
"ఎందుకబ్బాయా నీకిది? బ్లేడుకేమొచ్చింది?"
ముప్పయ్యారేళ్లొచ్చినా
నా గడ్డం నేను సరిగా గీసుకున్న రోజు లేదని
ఆమెతో ఎట్టా అనేది?

కత్తి తెరుచుకోలేదు.
ట్రాక్టరు డీజిల్లో రెండు రాత్రులు నానేశాను.
మూడో పొద్దున
నిద్ర చాలని మనిషి ఆవలించినట్టు
కిర్రుమని నోరు తెరిచింది.

లోపలంతా ఎర్రటి పొక్కులు,
అంచు మీద జొన్నగింజంత గండి,
చెరిగిన కంపెనీ పేరులో మిగిలినవి
రెండు ఇంగ్లీషు అక్షరాలు, సగం నక్షత్రం.
దున్నకొమ్ము పిడికి మెడ దగ్గర
ఒక పక్కే గుంట.
ఎలకలు కొరికాయేమో అనుకున్నా.

ఉప్పుకాగితం అరిగింది, వేళ్లూ అరిగాయి.
ఇత్తడి మేక్కి చింతపండు పూస్తుంటే
"పులుసులోకి లేకుండా చేశావ్," అని శేషవేణి గొణిగింది.
ఉక్కు తెల్లగా రాలేదు.
మబ్బు పట్టిన కంభం చెరువులాగా
మచ్చలు మచ్చలుగా వచ్చింది.
చాలనుకున్నా.

ఇక పదును.
పద్నాలుగేళ్లుగా పలకల ఫ్యాక్టరీలో
చట్రాలు బిగించే మనిషిని,
రాయి సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు.
పారేసిన కుప్పలో వెతికితే దొరికింది,
చార లేనిది, ఇసుక లేనిది,
చెంపకానిస్తే చల్లగా జారే ముక్క.
నీళ్లు చల్లి, వెన్నూ అంచూ రాతికానించి
తోసి, తిప్పి, లాగి,
తోసి, తిప్పి, లాగి,
చేతులనిండా నల్లటి బురద.
ఆ వాసన.

ఆ వాసనకి జకరయ్య అయివోరు వచ్చి నిలబడ్డాడు.
తడి పలక. ఒకటో తరగతి.
"ఏ చేయిరా అది?"
బెత్తం ఎడమ కణుపుల మీద.
అ రాస్తే కొట్టాడు, ఆ రాస్తే కొట్టాడు,
ఇ దగ్గరికొచ్చేసరికి బలపం
తనంతట తనే కుడిచేతికి మారింది.
అప్పట్నుంచీ సంతకం, సుత్తి, అన్నీ అటే.

పన్నెండు రోజులకి గండి మాయం.
పాత బెల్టు తోలుకి కొబ్బరినూనె రాసి
అరవైసార్లు అటూ ఇటూ.
ముందు సొరకాయ మీద. లేతకాయ,
నూగంతా దిగాలి, తొక్క తెగకూడదు.
మొదటి కాయకి నాలుగు గాట్లు, రెండోదానికి రెండు.
ఆ వారమంతా ఇంట్లో సొరకాయ కూరే.

ఆదివారం. అద్దం. నురగ.
కుడిచేతిలో కత్తి వణికింది.
కుడి చెంప మీద వడ్లగింజంత ఎర్రగీత.
పటిక అద్దితే భగ్గుమంది.
ఎడమ చెంపకి తిరిగితే
నా మోచెయ్యే నా అద్దాన్ని మూసేస్తోంది.
విసుగొచ్చి
ఎడమచేతిలోకి మార్చుకున్నా.

బొటనవేలు పోయి గుంటలో కూర్చుంది.

ఎలకలు కాదు.
యాభై ఏళ్లు ఒక బొటనవేలు ఆనిన చోటు.

వెలిగొండయ్యా,
నీ ముందు ఎన్నిసార్లు తలొంచుకు కూర్చున్నానో,
నా చెవి మడిచిన నీ వేళ్లు గుర్తున్నాయి గానీ
ఏ చేయో చూడలేదు.
నిన్నూ ఎవరో ఒక అయివోరు కొట్టే ఉంటాడా?
లేక
బడికే పంపలేదు గనక
నీ చేయి నీకు మిగిలిందా?

కత్తి దిగింది.
ఎండుగడ్డిలో ఎవరో
చెప్పుల్లేకుండా నడిచినట్టు చప్పుడు.

సాయంత్రం కొట్టు ముందునించి పోతుంటే
సుబ్బరత్తమ్మ పిలిచి చెంప తడిమింది.
"గెడ్డం కింద వొదిలేశావే అబ్బాయా.
అక్కడికొచ్చినప్పుడు
తల పైకెత్తి ఊపిరి బిగబట్టమనేవాడు ఆయన."